నీళ్లు పడిన చోటు

ముందు రిగ్గు పోతాది, ఎనక మా వ్యాను.
రాడ్లు, డీజిలు దానికి.
బియ్యం, బొంతలు, ఆరుగురం మనుషులం దీనికి.
తగరం కప్పు, ప్లైవుడ్డు గోడ,
ఒకదాని మింద ఒకటి మూడేసి బల్లలు.
వంటోన్ని గదా, కింది బల్ల నాది.

కంబదూరు దాటినాక వన్నూరప్ప చేనుకాడ ఆపితిమి.
యాడాదంతా మొగం చాటేసిన వాన
ఆ రాత్రే వచ్చె.
పొద్దున లేసి చూస్తే
గోడకు ఎవురో టీ ఒలకబోసినట్ల మరక.
బొటనేలు పెట్టి నొక్కితే
చాయలో ముంచిన బన్ను మాదిరి లోపలికి పోయె.
బియ్యం మూటకు అడుగున బూజు.
బుధ్‌రామ్ దుప్పటికి
తడిసిన ముసలికుక్క వాసన.
వాళ్ల బాసలో ఏందో తిట్టుకున్యాడు,
నాకు అర్థమయ్యె.

ఆ పొద్దు ఎనిమిది నూర్ల అడుగులు దింపితిమి.
అరచేతిలో టెంకాయ లేసి నిలబడిన చోటే.
దుమ్ము. తెల్లగా, పిండి మాదిరి,
వన్నూరప్ప రెప్పల మింద, మా అన్నం మింద.
హనుమక్క మాకు తాగను
ట్యాంకరు నీళ్లు బిందెతో తెచ్చి
వ్యాను తలుపుకాడ నిలబడె.
గోడను చూసె. అరచెయ్యి ఆనించె.
"ఈడ పడినాయే" అనె.
నగిందో లేదో నేను చూడలే.

ఓనరు ఫోన్లో ఒకటే మాట: బాగుచేయించుకో.
యాడ?
అనంతపురంలో లారీ బాడీలు కట్టే షెడ్డులో
"మనుషులు పండుకునే బండ్లు మాకు రావన్నా" అనిరి.
గుత్తిలో ఒకడు తారు పూసి ఎనిమిది నూర్లు తీసుకునె,
అడుగుకు రూపాయి లెక్కన.
మళ్లా చినుకు పడితే
మరక బుధ్‌రామ్ పక్కనుంచి నా పక్కకు జరిగె.
మాయమ్మ మిద్దె కారితే చౌడుమన్ను పోసేది.
తగరం మింద ఏం పోసేది?

గుంతకల్లులో చెప్పిరి పక్కీరప్ప పేరు.
రైలుపెట్టెలకు వడ్రంగం చేసి చేసి
ఒక చెవి పోగొట్టుకున్న మనిషి.
మరకను కంటితో గూడ చూడలే.
నిచ్చెనేసుకుని కప్పెక్కె.
"మరకున్న చోట బొక్క ఉండదు నాయనా,
నీళ్లు యాడో దూరి యాడో తేల్తాయి."
దిగొచ్చి, మంచి చెవి గోడకానించి
యేలి కణుపుతో కొట్టుకుంటా పోయె.
టక్. టక్. టక్. టక్.
దబ్.
ఆడ సుద్దముక్కతో గుండ్రంగా గీసె.
నాకు టెంకాయ మతికొచ్చి ఒళ్లు జలదరించె.

తప్పు నాదే.
పోయినేడు గుడ్డలారేసే దారానికని
కప్పు అంచున మేకు దిగ్గొట్టినా.
సంవత్సరమంతా ఆ మేకు ఎంబడి
మంచు, చినుకు, రిగ్గు కడిగిన నీళ్లు
మర్యాదగా లోపలికి వస్తాండాయి.
నేను నోరు మెదపలే.
పక్కీరప్ప మేకును పీకి,
తుప్పును గోటితో గీరి,
నా జోబులో ఏసె.

కుళ్లిన చెక్క కోసె.
దాని చుట్టూ జానెడు మంచి చెక్క గూడ కోసె.
"ఇది బాగుందిగదా" అంటే
"బాగుందనే ఇడిస్తే అదే మొదలైతాది" అనె.
మూడు దినాలు తలుపులు బార్లా తెరిచి
ఎండలో పెట్టమనె.
మా సీమలో బాడుగ లేంది ఎండొకటే.
కొత్త చెక్క, రబ్బరు పట్టీ, కప్పంతా అతుకు మందు.
ఆఖరున, కింద మూలన,
పనిగట్టుకుని ఒక సన్న బొక్క పెట్టె.
"ఇదేందన్నా, మళ్లా బొక్క?"
"ఆరుగురు రాత్రంతా ఇడిసే ఊపిరి గూడ నీళ్లే.
దానికి దావ ఇయ్యకుంటే
ఏ వానా లేకుండానే కుళ్తాది."

ఇప్పుడు బెళుగుప్ప పక్క ఉన్యాం.
తెల్లవారుజామున తగరం మింద
మా ఊపిరి చుక్కలు కట్టింటాది.
యేలితో తుడిచి నాలిక మింద పెట్టుకుంటి ఒకతూరి.
ఉప్పగా లేదు, తియ్యగా లేదు.

మరకున్న చోట బొక్క ఉండదు.
నీళ్లు యాడో దూరి యాడో తేల్తాయి.
ఈ మాట వన్నూరప్పకు చెప్దామని
ఫోను తీస్తి, పేరు దాకా పోతి.
చెప్తే చేను ఇంగో మూలన నిలబడతాడు,
ఇంగో ఎనిమిది నూర్లకు అప్పు తెస్తాడు.
ఫోను బియ్యం మూట మింద పెట్టేస్తి.

ఉల్లిగడ్డల బుట్ట నా కాళ్లకాడనే ఉండాది.
తగిలించను మేకు కావాల.
జోబులో ఉంది గానీ,
కొట్టలే.